సవాబ్ పంచే ముందు హక్ పంచండి



పోయిన నెల వన్‌టౌన్‌లో ఒక చెహ్లుమ్‌కి వెళ్ళాను. మర్హూమ్ మాకు దూరపు చుట్టం. ఆటో నడిపేవాడు. నలభై ఎనిమిదేళ్ళకే హార్ట్ ఎటాక్‌తో పోయాడు. సందు మొదట్లో షామియానా, పక్కన మూడు దేగ్‌ల బిర్యానీ, దాల్చా. లోపల మదరసా పిల్లలు సిపారాలు చదువుతున్నారు. మేం బయట కుర్చీల్లో కూర్చున్నాం.

అక్కడ లొల్లి మొదలైంది. ఇంజనీరింగ్ చదువుకుంటున్న ఒక కుర్రాడు, మంచివాడే, నమాజీ, గట్టిగానే అనేశాడు: "ఈ చాలీస్వాలు, ఈ ఫాతెహాలు, ఈ ఈసాలె సవాబ్, ఇదంతా బౌద్ధుల దగ్గర్నుంచి వచ్చిన రస్మ్. పక్కనే అమరావతి. వాళ్ళు పుణ్యం పంచుకునేవాళ్ళు. మన తాతలు కల్మా చదివినా ఆ అలవాటు పోలేదు. సాఫ్ బిద్అత్." ఒక పెద్దాయన లేచి, "నీ దాదాకి ఫాతెహా ఇచ్చిన చేతులు ఇవి, నువ్వు మాకు దీన్ నేర్పుతావా?" అన్నాడు. ఇంకొకాయన 'వహాబీ' అన్నాడు. అటునుంచి 'ఖబ్ర్ పరస్త్' అన్న మాట వచ్చింది. ఇమామ్ సాబ్ వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టాడు. బిర్యానీ వచ్చింది. రెండు పార్టీలూ తిన్నాయి.

చేతులు కడుక్కుంటుంటే బేవా తమ్ముడు నా పక్కకి వచ్చాడు. ఆటో మీద ఫైనాన్స్ ఇంకా తీరలేదట. రెండు వాయిదాలు ఆగిపోయాయట. ముగ్గురు పిల్లలు, చిన్నదానికి ఆరేళ్ళు. ఆవిడ ఇద్దత్‌లో ఉంది, బయటికి రాలేదు. ఆవిడ చేతి గాజులు మాత్రం బయటికి వెళ్ళి గోల్డ్ లోన్ ఆఫీసులో కూర్చున్నాయి. మేం తిన్న మూడు దేగ్‌లు అవే.

ఆ కుర్రాడూ, ఆ పెద్దాయనా అంతసేపు వాదించుకున్నారు కదా, ఇది ఎవరి డబ్బు అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ కుర్రాడి మాటే తీసుకుందాం, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. డిగ్రీ రోజుల్లో మమ్మల్ని నాగార్జునకొండ తీసుకెళ్ళారు. సాగర్ నీళ్ళ మధ్య ఆ దీవి మీది మ్యూజియం చూశాక మా మాస్టారు బోధిసిరి అనే ఒక ఉపాసిక గురించి చెప్పారు. ఆ పేరు నాకు అప్పటినుంచీ గుర్తు.

బోధిసిరి ఇక్ష్వాకుల కాలం మనిషి. అంటే క్రీ.శ. మూడో శతాబ్దం, రాజు వీరపురుషదత్తుడు, అతని ఏలుబడిలో పద్నాలుగో ఏడు. విజయపురి పక్కన చుల ధమ్మగిరి మీద లంక నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఆవిడ ఒక చైత్యగృహం కట్టించి, ప్రాకృతంలో రాతి మీద రాయించింది. ఈ దానం వల్ల వచ్చే పుణ్యంలో ఎవరెవరికి భాగం ఉండాలో అందులో వరసగా పేర్లు ఉన్నాయి. గోవగామంలో ఉండే తండ్రి రేవతుడు, తల్లి, అన్నదమ్ములు, వాళ్ళ కొడుకులు, కూతుళ్ళు, తాత, నాయనమ్మ. చివర్లో ఇది లోకం మొత్తానికి మేలు కావాలని ఉంది.

అదే శాసనంలో ఆవిడ వేరే ఊళ్ళలో చేసిన దానాల జాబితా కూడా ఉంది. ఒకచోట బోధివృక్షానికి మందిరం, ఒకచోట భిక్షువులు ఉండడానికి గదులు, పుబ్బసేలంలో ఒక చెరువు, ఒక మండపం, కంటకసోలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం. కంటకసోల అంటే మన ఘంటసాల. చల్లపల్లి పక్కన ఉన్న ఊరు. పల్నాడు కొండల్లో ఉన్న ఆడమనిషి కృష్ణా డెల్టా దాకా వచ్చి దానం చేసింది.

ఆవిడ ఒక్కతే కాదు. జగ్గయ్యపేట స్తూపం దగ్గర సిద్ధార్థుడు అనే పనివాడు అయిదు ఆయక స్తంభాలు ఇచ్చి, తన తల్లి, భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు, తమ్ముడి పిల్లలు అందరి పేర్లూ రాయించుకున్నాడు. అమరావతిలో విధికుడు అనే చర్మకారుడు, అంటే తోలు పని చేసుకునేవాడు, పూర్ణకుంభం చెక్కిన ఒక రాతి పలకను తల్లి, భార్య, పిల్లలు, బంధువులతో కలిసి ఇచ్చాడు. రాణుల పేర్ల పక్కన తోలు పనివాడి పేరు రెండు వేల ఏళ్ళుగా ఉంది.

పాలీ భాషలో దీన్ని పత్తిదానం అంటారు. అంటే తనకు వచ్చిన పుణ్యంలో వేరేవాళ్ళకు భాగం ఇవ్వడం. తిరోకుడ్డ సుత్తం అని ఒక చిన్న సుత్తం ఉంది. చనిపోయిన బంధువులు తమ పాత ఇళ్ళ గోడల బయట, నాలుగు దారుల దగ్గర నిలబడి ఎదురుచూస్తుంటారనీ, ఏడిస్తే వాళ్ళకి ఏమీ చేరదనీ, వాళ్ళ పేరు మీద సంఘానికి ఇచ్చిన దానం చేరుతుందనీ దాని సారాంశం. ఇప్పటికీ శ్రీలంకలో ఎవరైనా పోతే చెంబులోంచి గిన్నెలోకి నీళ్ళు పొర్లేదాకా పోస్తూ ఆ పుణ్యాన్ని పోయినవాళ్ళకి ఇస్తారు. ఏడో రోజు, మూడో నెల, ఏడాదికి భిక్షువులకు భోజనం పెడతారు. మనకి మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుమ్, ఏడాదికి బర్సీ. చూడ్డానికి అన్నదమ్ముల్లాగే ఉన్నాయి, ఒప్పుకుంటాను.

ఆ రోజుల లెక్క ఎక్కడినుంచి వచ్చిందో వెతికితే, ఆ కుర్రాడి మాటకి కొంత బలం ఉండొచ్చు. మూడు, పది, నలభై అని రోజులు ఖాయం చేయడం కుర్ఆన్‌లో లేదు, సహీ హదీస్‌లో లేదు. ఈ దేశంలో పక్కింటివాళ్ళ పెద్దకర్మ చూస్తూ బతికిన మనుషులం. రోజులు రివాజు, అంతే. ఆ రోజే చేయకపోతే గుమ్రాహ్ అనేవాడిదీ తప్పే, ఆ రోజు నలుగురు కూర్చుని కుర్ఆన్ చదివితే జహన్నమ్ అనేవాడిదీ తప్పే.

కానీ ఈసాలె సవాబ్ అసలే బౌద్ధులది అనడం ఇల్మ్ లేని మాట. సాద్ బిన్ ఉబాదా (రజి) ఊళ్ళో లేనప్పుడు ఆయన తల్లి పోయింది. ఆవిడ తరఫున సదఖా ఇస్తే ఆవిడకి మేలు చేరుతుందా అని రసూలుల్లాహ్ (స)ను అడిగారు. చేరుతుందని జవాబు వచ్చింది. సాద్ (రజి) తన తోటను తల్లి పేరు మీద సదఖా చేసేశారు. ఇది బుఖారీలో ఉంది. ఏ సదఖా మంచిది అని అడిగితే నీళ్ళు అన్నారని, ఆయన తల్లి పేరు మీద బావి తవ్వించారని అబూ దావూద్‌లో ఉంది. హజ్‌కి మొక్కుకుని వెళ్ళకుండానే పోయిన తల్లి తరఫున కూతురు హజ్ చేయొచ్చని హదీస్ ఉంది. ఇదంతా మదీనాలో జరిగింది. అమరావతితో సంబంధం లేదు.

'మనిషికి తాను ప్రయత్నించిందే దక్కుతుంది' అనే భావం సూరె నజ్మ్‌లో ఉంది కదా అని అడుగుతారు. ఉంది, ముప్ఫై తొమ్మిదో ఆయత్. ఆ ఆయత్ మన ఉలమాకి తెలియదా? దానిమీదే వందల ఏళ్ళు బహస్ చేశారు. దువా, సదఖా చేరతాయని అహ్లె సున్నత్‌లో అందరూ ఒప్పుకున్నారు. కుర్ఆన్ తిలావత్ సవాబ్ చేరుతుందా లేదా అన్నదగ్గరే తేడా. ఇమామ్ షాఫయీ గారిది చేరదనే మాటగా మషూర్. హనఫీలు, హంబలీలు చేరుతుందన్నారు. మన మదరసాల్లో చదివే హిదాయాలో, వేరేవాళ్ళ తరఫున హజ్ చేసే బాబ్‌లో, మనిషి తన అమల్ సవాబ్‌ను మరొకరికి ఇవ్వచ్చని రాసి ఉంది. ఇక 'ఇవన్నీ బిద్అత్' అనేవాళ్ళు ఎక్కువగా పేరు చెప్పుకునే ఇబ్నె తైమియా, ఇబ్నె ఖయ్యిమ్ ఇద్దరూ సవాబ్ చేరుతుందనే పక్షమే. ఇబ్నె ఖయ్యిమ్ 'కితాబుర్రూహ్'లో దీనిమీద పేజీల కొద్దీ రాశారు. వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఆ పేజీలు రావు.

విచిత్రం ఏమిటంటే బౌద్ధులకీ ఇదే చిక్కు వచ్చింది. ఎవరి కర్మ వాళ్ళదే అన్నప్పుడు ఒకరి పుణ్యం ఇంకొకరికి ఎలా పోతుంది? వాళ్ళు చెప్పిన జవాబు: మూట ఇచ్చినట్టు ఇవ్వడం కాదు. ఇచ్చేవాడు ఇస్తున్నానని తలచుకోవాలి, అందుకునేవాడు ఆ మంచి పని చూసి సంతోషపడాలి, ఆ సంతోషమే అతని సొంత పుణ్యం. ఇచ్చినవాడికి తగ్గదు. మిలింద రాజు, నాగసేనుడు మాట్లాడుకునే మిలిందపన్హలో ఇంకో ప్రశ్న ఉంది. మంచిని పంచగలిగితే చెడుని కూడా పంచొచ్చా? పంచలేం అన్నాడు నాగసేనుడు, దానికి అవతలివాడి ఒప్పుదల లేదు కనక. మన దగ్గర జవాబు వేరు. మనం ఇచ్చేది అల్లాహ్ ముందు పెట్టే అర్జీ. చేర్చేది ఆయన రహ్మత్. కర్మ లెక్క మనది కాదు. రెండు దీన్‌లూ ఒకటే అని నేను అనను, అది అబద్ధం. కానీ తల్లి పోయాక ఏదో ఒకటి చేయకుండా ఉండలేని కొడుకు మదీనాలోనూ ఉన్నాడు, విజయపురిలోనూ ఉన్నాడు. పోలిక ఉంటే అది దొంగతనం అవ్వాలని లేదు. వాళ్ళు ఉపవాసం ఉంటారని మనం రోజా మానేస్తామా?

అయితే బోధిసిరిని నేను ఇంత దూరం తీసుకొచ్చింది ఆ కుర్రాణ్ణి ఓడించడానికి కాదు. ఆ పెద్దాయనకీ ఒక మాట చెప్పాలి.

ఆవిడ తల్లిదండ్రుల పేరు మీద చెరువు మిగిల్చింది, గదులు మిగిల్చింది. దారిన పోయేవాడు ఎవడైనా ఆ మండపంలో నీడకి కూర్చుని ఉంటాడు. సాద్ (రజి) తల్లి పేరు మీద తోట, బావి మిగిలాయి. మనవాళ్ళ పేరు మీద ఏం మిగులుతోంది? పొద్దున్నే మున్సిపాలిటీ బండి ఎత్తుకెళ్ళే థర్మాకోల్ ప్లేట్లు. కూల్‌డ్రింక్ సీసాలు. ఇంట్లోవాళ్ళకి అప్పు.

తిన్నది ఎవరు? ఆ రోజు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టాను. బట్టల కొట్టు ఓనర్లు, ఇద్దరు కాంట్రాక్టర్లు, నాలాంటి జర్నలిస్టులు, ఒక మాజీ కార్పొరేటర్. పంజా సెంటర్ దగ్గర చేయి చాచే ముసలమ్మలు గుమ్మం బయట నిలబడి ఉన్నారు. వాళ్ళకి చివర్లో పెట్టారు, అడుగున మిగిలిన మాడు అన్నం. తిరోకుడ్డ సుత్తంలో గోడ బయట నిలబడేది పోయినవాళ్ళు. మన చెహ్లుమ్‌లో గోడ బయట నిలబడేది బతికున్న గరీబులు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన అభ్యంతరం కాదు. మూతా యుద్ధంలో, హిజ్రీ 8లో, జాఫర్ (రజి) షహీద్ అయ్యారన్న ఖబర్ వచ్చినప్పుడు రసూలుల్లాహ్ (స) ఏమన్నారు? ఆ ఇంటివాళ్ళు గమ్‌లో ఉన్నారు, వాళ్ళ కోసం మీరు వండి పంపండి అన్నారు. మనం దాన్ని పూర్తిగా తిరగేశాం. ఏడుస్తున్న ఇంట్లో పొయ్యి వెలిగించి మనమే వెళ్ళి తింటున్నాం. మయ్యత్ ఇంటి దగ్గర గుమిగూడి వంటలు చేయించడాన్ని తాము నౌహా కిందే లెక్కవేసేవాళ్ళమని సహాబీ జరీర్ (రజి) చెప్పిన రివాయత్ ఇబ్నె మాజాలో ఉంది.

'అది వహాబీల మాట' అనకండి. ఫాతెహాని గట్టిగా సమర్థించిన ఆలా హజ్రత్ అహ్మద్ రజా ఖాన్ బరేల్వీ సాహెబే మయ్యత్ ఇంట్లో దావత్‌లు మనా అని ప్రత్యేకంగా ఒక రిసాలా రాశారు. ఇటు దేవ్‌బంద్ వైపు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ సాహెబ్ జీవితమంతా ఈ రస్మ్‌ల మీద రాశారు. ఒకరినొకరు ఎన్ని ఫత్వాలతో కొట్టుకున్నా, బేవా ఇంట్లో బిర్యానీ తినకండి అన్నదగ్గర ఇద్దరూ ఒకటే మాట. వాళ్ళ పేర్లు చెప్పుకుని కొట్టుకునే మనం మాత్రం, ఆ ఒక్క విషయంలో ఇద్దరి మాటా వినం.

ఇప్పుడు అసలు విషయం. మనిషి ఊపిరి ఆగిన క్షణం నుంచి అతని సొమ్ము అతనిది కాదు. అది తర్కా. ముందు కఫన్ దఫన్ ఖర్చు. తర్వాత ఖర్జ్, అందులో భార్యకి ఇవ్వాల్సిన మెహర్ కూడా ఉంది. తర్వాత వసియత్ ఉంటే మూడో వంతు దాటకుండా. మిగిలింది వారిసులది. సూరె నిసాలో పదకొండు, పన్నెండు ఆయత్‌లలో భాగాలు లెక్కకట్టి ఉన్నాయి. ఆ ఆటో మర్హూమ్ విషయంలో చూడండి. బేవాకి ఎనిమిదో వంతు. తల్లిదండ్రులు లేరు కనక మిగతాదంతా పిల్లలది, కొడుక్కి రెండు భాగాలైతే కూతురికి ఒకటి. ముగ్గురూ నాబాలిగ్‌లు. నాబాలిగ్ పిల్లకి 'నా భాగంలోంచి బిర్యానీ పెట్టండి' అని ఇజాజత్ ఇచ్చే అధికారమే లేదు. తల్లి కూడా ఆ పిల్ల తరఫున ఇవ్వలేదు. పంచని తర్కాలోంచి దేగ్ ఎక్కితే అందులో ఆరేళ్ళ యతీమ్ ముద్ద ఉన్నట్టే. యతీమ్ సొమ్ము తినేవాళ్ళు కడుపులో నిప్పు నింపుకుంటున్నారన్న భావం ఆ విరాసత్ ఆయత్‌లకి సరిగ్గా ముందు, అదే సూరెలో పదో ఆయత్‌లో ఉంది. మనం దాన్ని చదివి, ఆ చదివిన సవాబ్‌ని మర్హూమ్‌కి బఖ్షించి, వెళ్ళి ఆ బిర్యానీయే తింటాం.

ఈ కేసులో గాజులు బేవా సొంతానివి కదా అనొచ్చు. సరే. అప్పు తెచ్చి, వడ్డీ కట్టి పెట్టమని ఏ ఫిఖా చెప్పింది? ఆటో ఫైనాన్స్ ఖర్జ్. ఖర్జ్ తీరేదాకా మోమిన్ రూహ్ దానికి వేలాడుతూ ఉంటుందని తిర్మిజీలో హదీస్ ఉంది. కొద్ది దీనార్ల ఖర్జ్ ఉందని తెలిసి రసూలుల్లాహ్ (స) ఒక జనాజా నమాజ్ చదివించకుండా ఆగారు. అబూ ఖతాదా (రజి) ఆ ఖర్జ్ నాది అని ముందుకొచ్చాకే చదివించారు. చూడండి, ఒక మనిషి అమల్ ఇంకో మనిషికి చేరడం అంటే అదీ. ఆ రోజు షామియానా కింద నూట యాభై మందిమి ఉన్నాం. తలా కొంత వేసుకుంటే ఆ రెండు వాయిదాలూ అక్కడికక్కడే కట్టేసేవాళ్ళం. ఈసాలె సవాబ్ జరిగిపోయేది. ఏ మస్లక్‌వాడూ బిద్అత్ అనలేకపోయేవాడు.

ఇక ఆడబిడ్డల హక్. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఇది మా ఇంటి సంగతి కూడా.

మా అబ్బా పోయినప్పుడు నేనూ రెండు దేగ్‌లు ఎక్కించాను. మదరసా పిల్లలతో ఖత్మ్ చేయించాను. ఘనంగా చేశావు బేటా అని అందరూ అన్నారు. అప్పుడు మా పెద్ద ఫుప్పు మూలన కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటోంది. మా దాదాకి గుడివాడ వైపు ఒక ఇల్లు, కాస్త నేల ఉండేవి. అవి అబ్బాకీ, చిచ్చాకీ వచ్చాయి. ముగ్గురు ఫుప్పులకి ఏమీ రాలేదు. 'వాళ్ళు మాఫ్ చేసేశారు' అని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాను. అందరి ఇళ్ళల్లో ఫుప్పులు మాఫ్ చేసేసే ఉంటారు, గమనించారా? మాఫ్ చేయకపోతే ఈద్‌కి మైకాకి రావడానికి తలుపు ఉండదని వాళ్ళకి తెలుసు.

సహీ ముస్లింలో ముఫ్లిస్ హదీస్ మీకు తెలుసు. ఖయామత్ రోజు ఒకడు నమాజులు, రోజాలు, జకాత్ అన్నీ మోసుకుని వస్తాడు. కానీ ఒకర్ని తిట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఒకర్ని కొట్టి ఉంటాడు. అతని నేకీలు తీసి వాళ్ళకి ఇచ్చేస్తారు. నేకీలు అయిపోతే వాళ్ళ గునాహ్‌లు తెచ్చి ఇతని మీద వేస్తారు. అసలైన దివాలాకోరు వాడేనన్నారు రసూలుల్లాహ్ (స).

ఇదీ ఈసాలె సవాబే. మన ఇష్టంతో పని లేకుండా జరిగేది. దీనిమీద బరేల్వీకీ, దేవ్‌బందీకీ, అహ్లె హదీస్‌కీ ఏ ఇఖ్తిలాఫ్ లేదు. చెల్లెలి భాగం తిన్న అన్న నలభై ఏళ్ళ తహజ్జుద్ ఆ చెల్లెలి ఖాతాలోకి పోతుంది. మనం ఇటునుంచి సిపారాలు చదివి అబ్బాకి సవాబ్ పంపుతుంటే, అది అటునుంచి అటే ఫుప్పులకి పోతూ ఉంటే? ఆ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అన్నదమ్ములం కూర్చున్నాం. తేలిగ్గా జరగలేదు. 'పోయినవాళ్ళు చేసిన దానికి మనమెందుకు?' అన్నాడు తమ్ముడు. ఆ ఇల్లు ఇప్పుడు మన పేరు మీద ఉంది కదరా అన్నాను. ధర కట్టించాం. ఒక్కసారి ఇవ్వలేం కనక వాయిదాలు పెట్టుకున్నాం. మొదటి వాయిదా పట్టుకుని వెళితే పెద్ద ఫుప్పు, "అరే, నేను ఎప్పుడో మాఫ్ చేశాను బాబా" అంది. మౌల్వీ సాబ్ చెప్పిన మాట గుర్తుంది కనక డబ్బు ఆవిడ చేతిలో పెట్టి, "ఇప్పుడు ఇది నీది ఫుప్పు, నీ ఇష్టం" అన్నాను. చేతికి రాకముందు చేసే మాఫీలో షరమ్ ఎంతో, ఇష్టం ఎంతో ఎవరికి తెలుసు? ఆవిడ తిరిగి ఇవ్వలేదు. కొంగులో కట్టుకుంది. మాఫ్ చేసిన మనిషి అలా కట్టుకోదు. ఇంకో ఫుప్పు బతికి లేదు, ఆవిడ వాయిదా ఆవిడ పిల్లలకి వెళుతోంది.

దీనికి జవాబుగా మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. 'చెహ్లుమ్ పెట్టకపోతే నలుగురూ ఏమంటారు?' ఆ నలుగురిలో మొదటివాళ్ళం మనమే కదా, మనం అనడం మానేద్దాం. 'ఆ రోజన్నా చుట్టాలు కలుస్తారు, ఇంటివాళ్ళకి ధైర్యం.' నిజమే, కలవండి. ఇంటినుంచి టిఫిన్ కట్టుకుని వెళ్ళి వాళ్ళకి పెట్టి రండి. 'గరీబులకి ఒక పూట అన్నం దొరుకుతుంది.' అలాగైతే గరీబులకే పెట్టండి, బాలిగ్ వారిసులు తమ సొంత డబ్బుతో, తలుపు లోపల కూర్చోబెట్టి. అన్నం పెట్టడాన్ని నేను కాదనడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, పడవల మీద అన్నం పొట్లాలు పంచినప్పుడు, అందుకున్న చేతులు చూసినవాణ్ణి. ఆ అన్నం సవాబ్ మన మర్హూమీన్‌కి చేరాలని అప్పుడు ఎవరైనా నియ్యత్ చేసుకుని ఉంటే, ఇన్షా అల్లాహ్, అదీ చేరి ఉంటుంది.

ఏం చేయాలో ఒక వరస చెబుతాను. ఎవరైనా పోతే మూడో రోజు జియారత్‌కి మస్జిద్‌లో జమయినప్పుడు ముందు ఒక ఎలాన్ కావాలి: మర్హూమ్ ఎవరికి బాకీ ఉన్నారో చెప్పండి. తర్వాత భార్య మెహర్ ఇచ్చారా అని అడగాలి. తర్వాత వారిసుల పేర్లు, కూతుళ్ళతో సహా, ఇద్దరు పెద్దల ముందు కాగితం మీద రాయాలి. బోధిసిరి పుణ్యం పంచడానికి అందరి పేర్లూ రాతి మీద రాయించింది. మనకి హక్ పంచడానికి ఒక తెల్లకాగితం చాలు. ఈ పని మహల్లా మస్జిద్ కమిటీ చేయగలదు. లౌడ్‌స్పీకర్ ఉంది, పెద్దలు ఉన్నారు.

అవన్నీ అయ్యాక ఈసాలె సవాబ్ చేయండి, దిల్ నిండా చేయండి. మన డెల్టాలో దారులకి కరువు లేదు. నాగాయలంక, కృత్తివెన్ను వైపు చివరి ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పు నీళ్ళే వస్తాయి. వేసవిలో అక్కడ ఒక ట్యాంకర్ మంచినీళ్ళు, ఒక ఫిల్టర్ మరమ్మత్తు, సాద్ (రజి) బావికి అదే మన కాలపు తర్జుమా. ఆ నీళ్ళు ఎవరు తాగుతున్నారని కల్మా అడగకండి. ఒక యతీమ్ పిల్ల కాలేజీ ఫీజు. డయాలసిస్ చేయించుకునే ఒకరికి నెల మందులు. ఏమీ లేనివాళ్ళు రెండు రకాత్‌లు నఫిల్ చదివి దువా చేయండి. అది ఎవరి హక్‌నీ తినదు, దానికి ఏ ఫైనాన్స్ ఆఫీసుకీ వెళ్ళక్కర్లేదు.

ఆ కుర్రాడికి నేను ఫోన్ చేశాను. వాదన మీద వాదన పెట్టలేదు. ఆటో బాకీ ఎంత ఉందో కనుక్కోమన్నాను. ఆ పెద్దాయన ఇంటికి నేనే వెళ్ళాను. ఇద్దరూ చెరికొంత ఇచ్చారు, ఇంకొందరం కలిశాం. ఆగిన వాయిదాలు కట్టాం. గాజులు ఇంకా విడిపించలేదు. చదివినవాళ్ళలో ఎవరికైనా నియ్యత్ ఉంటే మీ మహల్లాలో ఇలాంటి గాజులు ఎవరివి ఎక్కడ ఉన్నాయో ముందు వెతకండి, దొరుకుతాయి.

నేను రాసిన దాంట్లో సరైనది ఏదన్నా ఉంటే దాని సవాబ్ మా అబ్బాకీ, మా దాదాకీ, హక్ అందకుండానే పోయిన మా ఫుప్పుకీ చేరాలని నియ్యత్ చేసుకుంటున్నాను. తప్పు ఉంటే అది నా ఒక్కడిదే, దాన్ని ఎవరికీ పంచలేను. వల్లాహు ఆలమ్. దువాలో యాద్ ఉంచుకోండి.